పొన్ను పైకి నిలబెట్టిన కర్ర

"చంపినవా, చంపలేదా? రెండే మాటలు. ఏదో ఒకటి చెప్పి చావు!"

జహూర్ అరుపుకు ఠాణా గుమ్మంలో బీడీ ముట్టించుకుంటున్న జవాను ఉలిక్కిపడి అగ్గిపుల్ల కింద పడేసుకున్నాడు. కటకటాల వెనక గోడకు ఆనుకుని కూర్చున్న షరీఫ్ మాత్రం తల ఎత్తలేదు. గోడ గడియారం పదీ ఇరవై చూపిస్తోంది. సాయంత్రం నాలుగింటికి షరీఫ్‌ను బోధన్‌లో మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ఆ తర్వాత వాడు నోరు తెరిచినా వినే దిక్కు ఉండదు.

"నేనే అనుకోండ్రి ఉస్తాద్," అన్నాడు షరీఫ్ చివరికి.

"అనుకోవుడేందిరా? భూమన్న చచ్చిండు! నిన్నమొన్నటిదాంక తన సద్దిల సగం నీకు పెట్టిన మనిషి. ఆయన తల ఎవడో పగలగొడితే 'అనుకోండ్రి' అంటవా?"

"మీరు ఇంటికి పొండ్రి. ఈ కేసుల తల పెట్టకుండ్రి. మీ ఎనక నాలుగు వందల మంది శిష్యులున్నరు. నేనొక్కణ్ణి పోతే తాలీం మూతపడది."

జహూర్ చువ్వల్లోంచి చెయ్యి దూర్చి వాడి కాలరు పట్టుకున్నాడు. ఇరవై నాలుగేళ్ల కుర్రవాడు, నాలుగేళ్లుగా తన దగ్గర చెమటోడ్చినవాడు. అబద్ధం చెప్పడం చేతకాక, కళ్లు నేలకేసి పెట్టుకున్నాడు. చంపినవాడి మొహం కాదది, ఎవరినో దాస్తున్నవాడి మొహం. ఎవరిని అన్నది మాత్రం ఎంత గింజుకున్నా అందలేదు. అందకపోయేసరికి జహూర్‌కు ఒళ్లు మండిపోయింది.

జహూర్‌కు యాభై రెండేళ్లు. యాభై ఆరులో, రాష్ట్రం పేరు మారిన ఏడాదే, నిజామాబాద్‌లో పసుపు గోదాముల వెనక నాలుగు రేకులు వేసి సాము నేర్పే తాలీం తెరిచాడు. కర్ర, దస్తీ, ఉత్త చెయ్యి, ఈ మూడూ కలిపి సొంతంగా ఒక విద్య తయారుచేసి దానికి తీన్ హాత్ అని పేరు పెట్టాడు. దస్తీ అంటే మొహం తుడుచుకునే గుడ్డే; మూలన రాయి కట్టి విసిరితే అదే గుడ్డ పుర్రె పగలగొడుతుంది. ఇదేం విద్య అని పహిల్వాన్లు నవ్వారు. నవ్విన వాళ్లలో ముగ్గురు మట్టి కరిచాక మిగతా వాళ్లు నవ్వడం మానుకున్నారు. అరవై ఒకటి నుంచి మిల్లులకూ, గోదాములకూ, సినిమా హాళ్లకూ కావలి మనుషుల్ని పంపుతున్నాడు. ఎక్కడ ఏం పోయినా పోలీసుల కంటే ముందు ఉస్తాద్‌కు కబురు వెళ్లేది, దొంగ కూడా ముందు ఉస్తాద్‌కే దొరికేవాడు. ఇంత చేసిన మనిషికి చేతి మీద ఉన్న అదుపు నోటి మీద మాత్రం ఏనాడూ లేదు.

బయటికొస్తే, ఠాణా మెట్ల కింద షరీఫ్ తల్లి మెహరున్నిసా నిలబడి ఉంది. పొద్దుటి నుంచీ నిలబడే ఉందట. ఏడవలేదు, బతిమాలలేదు.

"మీ చేతుల పెట్టిన నా కొడుకును," అంది. "మీ చేతులకెల్లే తీస్కుంట."

జహూర్ వెనక్కి తిరిగి తిన్నగా సర్కిల్ ఇన్‌స్పెక్టర్ గదిలోకి దూసుకుపోయాడు.

ఇన్‌స్పెక్టర్ లక్ష్మీరాజం చెడ్డవాడు కాదు, తొందర మనిషి. కేసు చేతికొచ్చిన పూటే కట్ట కట్టి పంపించాలనే రకం. జహూర్‌ను చూడగానే కాగితాల మీదినుంచి తల ఎత్తకుండానే మొదలుపెట్టాడు.

"మిల్లు వెనక గేటు కావలి భూమన్న ఐదూ నలభైకి బతికున్నడు. చెరుకు పిప్పి ఎత్తే చంద్రవ్వ చూసింది. ఆరూ ఐదుకు చచ్చి పడున్నడు. నడుమ ఇరవై ఐదు నిమిషాలు. ఆరింటికి డ్యూటీ ఎక్కాల్సిన షరీఫ్ శవం మీద వంగి ఉన్నడు, చేతుల నెత్తురు దస్తీ. డాక్టరేమంటడంటే, ఎడమ చెవి వెనక ఒక్కటే దెబ్బ, గుడ్డల కట్టిన బరువుతోని. ఈ జిల్లాల గిట్ల కొట్టుడు ఎవరు నేర్పుతరు జహూర్ సాబ్?"

"నేనే."

"మరింకేంది?"

"ఆ దస్తీ తీయుండ్రి."

"ఎందుకు?"

"తీయుండ్రి అంటున్న గద!"

లక్ష్మీరాజం మొహం చిట్లించి పొట్లం విప్పాడు. దస్తీ నడిమధ్య అరచేయంత మేర నెత్తురు గడ్డకట్టి ఉంది. నాలుగు మూలలూ శుభ్రంగా ఉన్నాయి.

"రాయి కట్టి కొట్టిన దస్తీకి మూల సాగుతది, ముడి మడత పడుతది, నెత్తురు ఆ మూలకు అంటుతది. దీని మూలలు ఇస్త్రీ చేసినట్టున్నయి. నడుమ తడిసిందంటే గాయం మీద పెట్టి అదిమిండు. బతికియ్యాలని చూసినోడు వాడు."

"గా ముక్క వాణ్ణి చెప్పమనుండ్రి."

"చెప్తలేడు గదా, నా ప్రాణం తీస్తుండు!"

లక్ష్మీరాజం దస్తీని మళ్లీ పొట్లం కట్టాడు. తర్వాత పెన్ను మూత పెట్టి, "ఇంకో మాట," అన్నాడు. "మంగళవారం నాడు మీరు వెనక గేటు కాడ భూమన్న గల్లా పట్టి 'తల పగలగొడ్త' అన్నరట. ఇరవై మంది విన్నరు."

"అన్న. కోపంల అన్న."

దానికో కథ ఉంది. మూడు వారాల కిందట మిల్లు వెనక పిప్పి దొడ్డి తగలబడి ఇద్దరు కూలీలు కాలి చచ్చిపోయారు. ఆ పూట కావలి భూమన్నది. నిద్రపోయాడని మిల్లువాళ్లు రాశారు. ఉస్తాద్ మనుషులు నిద్రపోతారట అని ఊరంతా గుప్పుమంది. జహూర్‌కు తల కొట్టేసినట్టయింది. ఆ మంట మంగళవారం దాకా లోపల రాజుకుని, గేటు దగ్గర భూమన్న ఎదురుపడగానే భగ్గుమంది.

"ఒక్క గంట," అన్నాడు జహూర్. "శవం పడ్డ జాగ చూడనియ్యుండ్రి. పొద్దున మీ జవాన్లు నన్ను లోపలికి రానియ్యలే."

"నేనూ వస్త," అని లక్ష్మీరాజం టోపీ అందుకున్నాడు. ఇది నమ్మకమో అనుమానమో జహూర్‌కు అర్థం కాలేదు. రెండూ అయి ఉండొచ్చు.

*

ఆ మిల్లు బోధన్ రోడ్డు మీద ఒక సేటు నడిపే ఖండసారి చక్కెర మిల్లు. దాని వెనక గేటు పక్కన కావలివాడు కూర్చునే రేకుల గుమటీ. గుమటీ వెనక అదే రేకుకు ఆనించి సైకిళ్ల షెడ్డు. ముందు మొలాసిస్ మడ్డి కాలువ పొంగి నేలంతా జిగట బురద. శవం పడ్డ చోట సున్నం గీత గీశారు. కాపలాకు ఒక జవాను. పొద్దుటి నుంచీ ఎవరూ ఏదీ ముట్టలేదని ఒట్టు పెట్టి చెప్పాడు.

చంద్రవ్వను పిలిపించారు. అరవై దాటిన మనిషి, తల మీది పిప్పి గంప దింపకుండానే నిలబడింది.

"గంప దింపు అవ్వా," అన్నాడు జహూర్.

"దింపితే మల్ల ఎత్తేటోడెవడు? అడుగు, చెప్త."

"భూమన్నను ఎప్పుడు చూసినవ్?"

"తెల్లారకముందు, మబ్బులనే. మంచు గిట్ల కమ్మింది, చేతికి చెయ్యి కనవడది. బీడీ ఎలిగిస్తుండె. 'చంద్రవ్వా, జల్ది నడువు, సలి' అన్నడు. గప్పుడు మంచిగనే ఉన్నడు."

"మిల్లు కూత కంటే ఎంత ముందు?"

"నేను దొడ్లెకు పోయి రెండు గంపలు నింపినంక కూసింది."

"గంపకు పది నిమిషాలు," అన్నాడు లక్ష్మీరాజం. "కూత ఆరింటికి. అంటే ఐదూ నలభై. సరిపోయింది."

"ఆ రెండు గంపల మధ్యల గేటు కాడికి ఎవలన్న పోయిండ్రా? అడుగుల సప్పుడు?"

"సప్పుడంటే... ఒక్కసారి దబ్బుమని ఇనొచ్చింది. చెరుకు మోపు పడ్డదనుకున్న. కూతకు జర ముందు."

"అంటే షరీఫ్ రాకముందు!" జహూర్ గిర్రున తిరిగాడు. "వాడు కూత అయినంక వచ్చిండు. మెయిన్ గేటు కాడ ఆరింటికి సంతకం పెట్టిండు. ఆడికెల్లి ఈడికి నాలుగు నిమిషాల నడక."

"ముసల్దాని చెవి మీద కేసు నిలవది," అన్నాడు లక్ష్మీరాజం.

"నీ చెవి కంటే మంచిగనే ఉన్నది బిడ్డా," అని చంద్రవ్వ వెంటనే అంటించింది. తర్వాత జహూర్ వైపు తిరిగింది. ఆమె గొంతులో కూడా కోపమే ఉంది. "మంగళారం నాడు ఆయన్ను గుమటీలకు నూకి నువ్వు గంత ఒర్లితివి. పాపం ఆయన నీ చెవుల ఏందో చెప్పవోయిండు. మేం గేటుకు గీ పక్కన ఇరవై మందిమి ఉంటిమి. మాకు నీ ఒర్లుడే ఇనొచ్చింది గాని ఆయన మాట ఒక్కటి ఇనరాలే. ఏమన్నడు?"

జహూర్ గుర్తు తెచ్చుకోబోయాడు. భూమన్న పెదవులు కదలడం గుర్తుంది. మాట గుర్తు లేదు. గుర్తు లేకపోవడం కాదు, అసలు విననే లేదు. విన్నట్టయితే కదా గుర్తుండేది!

"ఏందో అన్నడు," అని గొణిగి గుమటీలోకి తల దూర్చాడు.

లోపల ఒక స్టూలు, నీళ్ల కుండ, మేకుకు కంబళి. తలుపు పక్కన గోడకు భూమన్న కర్ర నిలబెట్టి ఉంది. ఆరడుగుల వెదురు, ఒక చివర తొడిగిన ఇనుప పొన్ను. ఆ పొన్ను పైకి ఉంది.

జహూర్ అక్కడే ఆగిపోయాడు.

"కర్ర గోడకే ఉన్నది," అన్నాడు వెనకనుంచి లక్ష్మీరాజం. "పంచనామల రాసినం. పాపం తీసుకునే టైము కూడా దొరకలే. తెలిసినోడే వచ్చి కొట్టిండు, అందుకే కర్ర పట్టలే. షరీఫ్ తెలిసినోడే గద."

"ఇన్‌స్పెక్టర్ సాబ్, జర దగ్గరికొచ్చి చూడుండ్రి. ముట్టకుండ్రి."

కర్రకు ఒక పక్క పొడుగునా బురద చార. రెండో పక్క ఏమీ అంటలేదు. సున్నం గీతకు మూరెడు అవతల, బురదలో కర్ర పొడుగున్న గాడి ఒకటి నీళ్లు నిండి కనిపిస్తోంది.

"గోడకున్న కర్ర బురదల ఎట్ల పడుకుంటది?" జహూర్ పళ్లు కొరికాడు. "భూమన్న కర్ర పట్టిండు. దెబ్బ తిని పడ్డప్పుడు కర్ర ఆడ పడ్డది. చంపినోడు పోయేటప్పుడు అది దారికి అడ్డం ఉన్నది. తీసి, లోపలికొచ్చి, గోడకు నిలబెట్టి పోయిండు."

"చంపినోడు సామాను సదురుతడా? ఎవడన్నా నవ్వుతడు."

"నా తాలీంల పెరిగినోడు సదురుతడు. కిందపడ్డ కర్రను దాటొద్దు. దాటితే విద్యను దాటినట్టు. తీసి, కండ్లకద్దుకుని, నిలబెట్టినంకనే అడుగు ముందుకెయ్యాలె. మొదటి రోజు నేర్పేది గదే. అది చేతులకు ఎక్కుతది. ఇల్లు కాలుతున్నా సరే, చెయ్యి ముందు కర్ర తీస్తది."

లక్ష్మీరాజం పెద్దగా నవ్వాడు. "శాబాష్! నా కేసుకు మీరే తాళం వేసిండ్రు. షరీఫ్ మీ తాలీం మనిషే గద?"

"షరీఫ్ అయితే పొన్ను కిందికి పెడతడు!"

ఆ మాట అరిచి చెప్పాడే కానీ, చెప్పిన మరుక్షణం జహూర్‌కు ఇంకేదో తెలిసింది. వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు.

మొదట్లో పొన్ను పైకి పెట్టాలనేదే రూలు. ఇనుము మట్టిని తాకకూడదని ఆయనే పెట్టాడు. అరవై మూడులో తాలీం మూలన నిలబెట్టిన కర్ర జారి పడి, పొన్ను తగిలి ఒక శిష్యుడి కన్ను పోయింది. ఆ రోజే రూలు తిరగేశాడు. అప్పటికి తాలీంలో ఉన్నవాడూ, ఆ తర్వాత చేరినవాడూ పొన్ను కిందికే పెడతాడు. పొన్ను పైకి పెట్టేవాళ్లు అంతకుముందే తాలీం వదిలి వెళ్లిన ఏడుగురే. ఇద్దరు పోయారు. ముగ్గురు బొంబాయి మిల్లుల్లో ఉన్నారు. ఏర్గట్లలో ఒకడు పక్షవాతంతో మంచం మీద. మిగిలింది ఒక్కడు.

కాదు, ఇద్దరు. ఊరందరికీ కొత్త రూలు నేర్పిన పెద్దమనిషి, తన కర్రను మాత్రం ఇప్పటికీ పొన్ను పైకే పెడతాడు. శిష్యులు చాటుగా నవ్వుకుంటారు. చెప్పేవాడు చెప్పేదే గాని చేసేది ఉండదని లోకం ఊరికే అనదు.

షరీఫ్ ఈ కర్ర చూశాడు. మంగళవారం అరుపులు విన్నాడు. కావలి చూసుకోవడానికి ఆరూ ఇరవైకి మంచులోంచి ఉస్తాద్ ఒక్కడే నడిచి రావడం చూశాడు. అందుకే నోరు మూసుకున్నాడు. నన్నే దాస్తున్నాడు! నేను హంతకుణ్ణని నమ్మి, నా కోసం ఉరికంబం ఎక్కబోతున్నాడు!

జహూర్‌కు షరీఫ్ మీద కోపం వచ్చింది. ఇంత మాట నమ్మాడా అని. నమ్మేట్టు బతికింది నువ్వే కదా అని లోపలినుంచి ఇంకో కోపం లేచి దాని పీక నొక్కింది.

"ఏమైంది?" అన్నాడు లక్ష్మీరాజం.

చెబితే తన మెడకు చుట్టుకుంటుంది. చెప్పకపోతే షరీఫ్ మెడకు. జహూర్ లేచి నిలబడి, ఉన్నదంతా ఒక్క మాట దాచకుండా చెప్పాడు.

లక్ష్మీరాజం మొహంలో నవ్వు పోయింది. "అంటే మీరూ పొన్ను పైకే పెడతరు."

"పెడత."

"పొద్దున ఆరింటికి ఎక్కడున్నరు?"

"గురువారం గురువారం కావలి చూసుకుంటందుకు వస్త. ఇయ్యాల బస్సు కాదు, చక్కెరకొచ్చే ఖాళీ లారీ ఎక్కిన. ఐదూ నలభై ఐదుకు క్రాసింగ్ కాడ దింపిండు. మైలున్నర మంచుల నడిచిన. నన్ను చూసినోడు లేడు."

"అంటే షరీఫ్‌ను ఇడిచి మిమ్మల్ని పట్టుకోవాలె."

"పట్టుకోండ్రి. బేడీలు తెచ్చుకోండ్రి. కాని ముందు ఆ రెండోవాని గదిదాంక రాండ్రి."

"ఎవడు?"

"ఈ మిల్లు సెక్యూరిటీ ఆఫీసరు. ఆత్మారాం."

*

మూడు గంటలైంది. సేటు అనుమతి, పెద్ద గుమాస్తా సంతకం అంటూ మిల్లువాళ్లు రెండు గంటలు తినేశారు. ఇంకో అరగంటలో ఠాణా నుంచి వ్యాను బయలుదేరుతుంది.

ఆత్మారాం కుర్చీలోంచి లేవలేదు. నలభై ఏళ్ల మనిషి, తెల్ల బూట్లు, భుజానికి ఈలతాడు. అరవై రెండులో జహూర్‌తో తగువు పడి తాలీం వదిలి వెళ్లాడు. బోధన్‌లో సొంత బోర్డు కట్టి, బొంబాయి గురువు దగ్గర జూడో నేర్చానని చెప్పుకుని, ఈ ఉద్యోగం సంపాదించాడు. మిల్లు గేట్ల మీద ఇంకా జహూర్ మనుషులే ఉండటం ఆయన కంట్లో నలుసు. పిప్పి దొడ్డి మంట తర్వాత వాళ్లందర్నీ తీసేయమని సేటుకు కాగితం పెట్టింది ఆయనే.

"రాండ్రి ఉస్తాద్. మీ శిష్యులు ఒకడు నిద్రపోతడు, ఒకడు ఖూనీ చేస్తడు. మంచి విద్య."

"నీ నోరు మూయకపోతే..."

"మూయకపోతే? తల పగలగొడ్తవా?"

లక్ష్మీరాజం మధ్యలోకి వచ్చాడు. "పొద్దున ఆరింటికి ఎక్కడున్నరు ఆత్మారాం?"

"క్వార్టర్ల. తానం చేస్తున్న."

"మంగళవారం, గేటు కాడ లొల్లి అయినప్పుడు?"

"నిజామాబాద్ పోయిన. పొద్దుగాల పోయి చీకటి పడ్డంక వచ్చిన. మా ఉస్తాద్ తమాషా చూసే భాగ్యం కలగలే." ఆత్మారాం నవ్వాడు. "లోకం కరాటే అంటుంది, జూడో అంటుంది. ఈయన ఇంకా దస్తీలు ఊపుతుండు. నలుగురు కూలోళ్లకు ఖాకీ తొడిగి సైన్యం అనుకుంటుండు. పదిహేనేండ్లల్ల నువ్వేం కట్టినవ్ ఉస్తాద్? నాలుగు రేకులు!"

జహూర్ తన చేతికర్రను నేలకేసి కొట్టాడు. అది ఎగిరి, దొర్లుకుంటూ వెళ్లి గుమ్మానికి అడ్డంగా పడింది. కోపం నిజమైనదే. కర్ర పడాల్సిన చోటు మాత్రం ముందే చూసుకున్నాడు.

"ఆ నాలుగు రేకుల కింద నీకు అన్నం పెట్టిన్రా! పో, నా ముంగటికెల్లి పో!"

"ఇది నా గది. అయినా పోత, నాకు రౌండుంది." ఆత్మారాం విసురుగా లేచి గుమ్మం వైపు నాలుగు అడుగులు వేశాడు. ఐదో అడుగు పడలేదు. వంగాడు. కర్ర తీశాడు. కళ్లకద్దుకున్నాడు. తలుపు పక్కన గోడకు నిలబెట్టాడు.

పొన్ను పైకి.

లక్ష్మీరాజం కర్ర వైపు చూశాడు, తర్వాత జహూర్ వైపు. ఆత్మారాం తన చేతుల వైపు చూసుకున్నాడు. ఏం చేశాడో ఆయనకు అప్పుడు తెలిసింది. కానీ గట్టి మనిషి, తేరుకున్నాడు.

"పాత అలవాటు. అయితేంది? గోడకు కర్ర పెడితే ఖూనీయా? ఉస్తాద్ కూడా గట్లనే పెడతడు. ఆయన్ను పట్టుకోండ్రి."

"నిజమే," అన్నాడు లక్ష్మీరాజం నెమ్మదిగా. "కర్ర ఒక్కటి చాలదు జహూర్ సాబ్. భూమన్నను చంపే పని ఆయనకేముంది?"

జహూర్ అబద్ధాలు ఆడింది తక్కువ. ఆడాల్సి వచ్చినప్పుడు గొంతు పెంచి ఆడేవాడు, అందుకే ఎప్పుడూ దొరికిపోయేవాడు. ఈసారి గొంతు తగ్గించాడు.

"ఎందుకో నేను చెప్త. మంగళవారం నాడు భూమన్న నాకు అంత చెప్పిండు. పిప్పి దొడ్డి తగలబడ్డ పూట తను నిద్రపోలేదన్నడు. కిరసనాయిలు డబ్బ పట్టుకుని దొడ్లెకెల్లి వచ్చినోణ్ణి చూసిన్నన్నడు. పేరు కూడా చెప్పిండు. ఆత్మారాం అన్నడు."

"అబద్ధం!" ఆత్మారాం బల్ల మీద గుద్దాడు. పదేళ్ల పగ ఒక్కసారి గొంతులోకి ఎగదన్నింది. "నా పేరెప్పుడన్నడు? డబ్బ సంగతెప్పుడు తీసిండు? 'నేను పండుకోలే ఉస్తాద్, అగ్గి పెట్టినోణ్ణి సూసిన, గురువారం సల్లగ చెప్త' అన్నడు. గంతే! మిగిలింది నువ్వెక్కడ చెప్పనిచ్చినవ్? గల్లా పట్టి ఒర్లుతనే ఉంటివి..."

ఆగాడు. ఆలస్యమైంది.

లక్ష్మీరాజం కుర్చీలోంచి లేచాడు. "భూమన్న మాట గేటు కాడున్న ఇరవై మందిల ఒక్కలకూ వినరాలే. చెవుల చెప్పిండు. గుమటీ ఎనక సైకిళ్ల షెడ్డుల, రేకుకు చెవి ఆనిచ్చినోనికి తప్ప ఇంకెవనికీ వినరాదు. నిజామాబాద్‌ల ఉన్న మీకు అక్షరం పొల్లు పోకుండ ఎట్ల వినొచ్చింది?"

ఆత్మారాం తలుపు వైపు చూశాడు. తలుపులో జహూర్ ఉన్నాడు. ఉత్త చేతులతో ఉన్నాడు. ఆ చేతులు ఏం చేయగలవో ఈ జిల్లాలో అందరికంటే ఎక్కువ తెలిసినవాడు ఆత్మారామే. కదలలేదు.

లక్ష్మీరాజం బయట జవాన్లను కేకేశాడు. బేడీలు పడ్డాయి. సొరుగులు వెతికితే, మడత పెట్టిన ఉతికిన దస్తీ ఒకటి దొరికింది, ఇంకా ఆరలేదు, ఒక మూల సాగి ఉంది. టెలిఫోన్ తిప్పి ఠాణాకు చెప్పాడు: "వ్యాను ఆపుండ్రి. షరీఫ్‌ను బయటికి తీయుండ్రి. ఆ తల్లి ఇంకా మెట్ల కాడనే ఉంటది, లోపలికి పిలువుండ్రి."

జహూర్ గోడకు చేరగిలబడ్డాడు. షరీఫ్ బతికాడు. తాలీం పేరు నిలబడింది. గెలిచినప్పుడు ఎప్పుడూ వచ్చే ఊపిరి ఈసారి రాలేదు. బురదలో గీసిన సున్నం గీత కళ్ల ముందునుంచి పోవడం లేదు.

జవాన్లు ఆత్మారాంను నడిపించుకుని వస్తున్నారు. గుమ్మం దగ్గర, సరిగ్గా జహూర్ ఎదురుగా ఆయన ఆగాడు. జవాను తోశాడు. ఆయన కదలలేదు.

"నన్ను పట్టిచ్చిన్నని మురవకు," అన్నాడు. అరవలేదు, తీరిగ్గా చెప్పాడు. "ఆ పూట వాడు నా పేరు చెప్పుతందుకే నోరు తెరిచిండు. ఒక్క నిమిషం నువ్వు గమ్మునుంటే చెప్పేటోడు. నేను గా రోజే జైలుకు పోదును, వాడు ఇయ్యాల బీడీ తాగుకుంట గేటు కాడ కూసునేటోడు. చెప్పనీయక, గురువారందాంక నాకు టైమిచ్చింది నువ్వే. వాని మాట నువ్వు ఇనలే ఉస్తాద్. నేనిన్న."